మలిబడి వ్యాసపీఠం

పెద్దమెట్ట స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. "స్వామీ, కోపం ఎలా పోతుంది?" అని అడిగినవాడి చేతికి చిక్కుపడ్డ చేంతాడు ఇచ్చి విప్పమనేవారు. "భక్తి ఎప్పుడు కుదురుతుంది?" అన్న పెద్దమనిషిని బడిపిల్లలకి అన్నం వడ్డించమనేవారు, అదీ ఆ పెద్దమనిషి కడుపు కాలుతున్న వేళ చూసి మరీ. అందుకే చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట పుట్టింది. మెట్టకి వెళ్ళేవాడు ప్రశ్నతో పాటు తుండుగుడ్డ కూడా పట్టుకెళ్ళాలట, నడుముకి బిగించుకోవడానికి. నవ్వుతున్నారు గదా, నవ్వండి తల్లీ. ఆ మహానుభావుడు నవ్విస్తూనే బోధించారు. ఈ పూట నేను మనవి చేసుకునేది ఆయన శిష్యుడు విశ్వపతి అడిగిన ప్రశ్న సంగతి.

వంశధార ఒడ్డున మెట్ట, మెట్ట మీద ఆశ్రమం, ఆశ్రమంలో పిల్లల బడి. అవి యుద్ధం రోజులు. బియ్యానికి ఎంత కరువో కాగితానికి అంత కరువు. తరగతికి ఒక్కటే వాచకం ఉండేది. దాన్ని వ్యాసపీఠం మీద విప్పి పెట్టి పంతులు దాని ముందు కూర్చుంటే, పిల్లలు కోడిపిల్లల్లా చుట్టూ మూగేవారు. పంతులు పక్కన చోటు దొరికినవాడు ఆ పూటకి మహారాజు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పీఠానికి అవతల ఎక్కడో సర్దుకునేవారు.

ఇది పొద్దుటి బడి. తరగతితో పాటు నడవలేకపోయిన పిల్లల కోసం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో బడి ఉండేది. పశువులు ఇంటికి మళ్ళే వేళ దాకా, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద తోడు కూర్చుని, తప్పిపోయిన పాఠం మొదటి నుంచీ మళ్ళీ చెప్పాలి. స్వామి దానికి మలిబడి అని పేరు పెట్టారు. ఎవరో దాన్ని మొద్దుల బడి అంటే ఆయన, "తొలిసంజకీ మలిసంజకీ సూర్యుడు ఒక్కడే కదయ్యా" అని ఊరుకున్నారట. పైగా మలిబడిలో కూర్చున్న పిల్లలకే బెల్లం ముక్క. ఆ బెల్లం కోసం చదువు రానట్టు నటించిన ఘనులు కూడా ఉన్నారు.

ఆశ్రమానికి ఒక పాత నియమం ఉంది. ఉన్న బియ్యం ఇంతమందికే సరిపోతుంది, గుమ్మం బయట వేరే పిల్లలు కాచుకుని ఉంటారు. కాబట్టి ఒకే వాచకంలో రెండేళ్ళు ఆగిపోయిన పిల్లని రథసప్తమినాడు పెద్దల ఎదుట చదివిస్తారు. చదవలేకపోతే చేతిలో కొబ్బరికాయ పెట్టి, దీవించి, ఇంటికి పంపించేస్తారు. స్వామి ఆ నియమాన్ని కొట్టివేయలేదు. దానికి అడ్డంగా మలిబడిని నిలబెట్టారు. పద్నాలుగేళ్ళుగా ఏ పిల్ల చేతికీ కాయ వెళ్ళలేదు. అంత గొప్ప అడ్డం అది.

స్వామికి మోకాళ్ళు పట్టేశాక, పొద్దుట రెండో వాచకం చెప్పే విశ్వపతికే మలిబడి కూడా వచ్చింది. అతను కాశీలో పన్నెండేళ్ళు తర్కం చదివినవాడు. చాప వేస్తే ఎదుటివాడికి ఎదురుగా కూర్చోవడం, ఎదురుగా కూర్చుంటే గెలవడం, అతనికి అబ్బిన విద్య. మనిషి మంచివాడే, పిల్లల మీద చెయ్యి ఎత్తిన పాపాన పోలేదు. కానీ అతనికి లోపల ఒక దిగులు. సరిగ్గా మలిబడి వేళకే అవతల పనసచెట్టు కింది అరుగు మీద కూర్చుని స్వామి ఉపనిషత్తు పాఠం చెప్పేవారు. తోటి శిష్యులు దగ్గరగా కూర్చుని వింటుంటే, తను ఇక్కడ గుణింతాలు దిద్దిస్తూ గాలిలో తేలివచ్చే ఒక్కో మాటకి చెవి ఒగ్గేవాడు.

నిరుటి నుంచీ మలిబడిలో అతని వాటాకి వచ్చిన పిల్ల అసిరితల్లి. తొమ్మిదేళ్ళు. అవతలి ఒడ్డు నుంచి పడవ మీద వచ్చేది. పడవవాడు కళ్ళు నులుముకుని తెడ్డు అందుకునేసరికి ఇవతల ప్రార్థన అయిపోయేది. మొదటి తరగతిలో పలక చూసి ముచ్చటపడి పై తరగతికి పంపారు. రెండో వాచకం దగ్గర ఆగిపోయింది. ఇది రెండో ఏడు. రథసప్తమి ఇంక పన్నెండు రోజులు.

విశ్వపతికి ఆ పిల్ల ఒక చిక్కుముడి. రాయమంటే ముత్యాల్లా రాసేది. చదవమంటే నోరు పెగిలేది కాదు. అందరు పిల్లలూ రాసిన పలకని మర్యాదగా గురువు వైపు తిప్పి పెట్టేవారు. ఈ పిల్ల తిప్పేది కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ముందుకి తోసేది. ఆ మాత్రం మర్యాద కూడా రాలేదే అని అతను నొచ్చుకునేవాడు. పొద్దుటి బడిలో ఇంకెవరైనా చదువుతూ తడబడితే పీఠానికి అవతల నుంచి టక్కున మాట అందించేది. అదే పిల్లని తన పక్కకి పిలిచి చదవమంటే కొయ్యబారిపోయేది. వినికిడి మీద బట్టీ పట్టింది అని తేల్చుకున్నాడు. అయినా దయగలవాడు కనుక, మలిబడిలో ఒక్క పిల్లే గదా అని, పుస్తకాన్ని చక్కగా ఆమె వైపు తిప్పి పెట్టి తను ఎదురుగా కూర్చునేవాడు.

ఆ రోజు కూడా అలాగే పెట్టి వేలితో చూపించాడు.

"ఈ మాట ఏమిటి?"

"తెల్దు బాబూ."

"నిన్న నువ్వే రాశావు గదా పలక మీద?"

"రాసినాను."

"రాసిన మాట చదవలేవా?"

"ఈడ నుంచి కనపడదు, పంతులు బాబూ."

"జానెడు దూరంలో ఉంది తల్లీ. ఇంకెక్కడ నుంచి కనపడుతుంది?"

ఆ పిల్ల అతను కూర్చున్న వైపు వేలు చూపించబోయింది. పెద్దల మీదికి వేలు పెట్టకూడదని గుర్తొచ్చి ముడిచేసుకుంది. బెల్లం ముక్క కొంగుకి ముడేసుకుంటూ అడిగింది. "బాబూ, ఆ కొబ్బరికాయి ఎవులికైనా ఇచ్చీవచ్చా? మాయమ్మ కంటపడకుండా? కాయి తెత్తే ఇంక పడవెక్కొద్దన్నాది. దూడల కాడే ఉండాల."

విశ్వపతి లేచి తిన్నగా స్వామి అరుగు దగ్గరికి వెళ్ళాడు. "స్వామీ, నాకు ఒక్క సందేహం తీర్చండి. తరగతిలో విన్నది నిలవని పిల్లకి అదే పాఠం మళ్ళీ చెప్పడం చిల్లికుండలో మళ్ళీ పోయడం కాదా? నేను నిరుడంతా పోశాను, ఈ ఏడూ పోశాను. నా గంట వృథా అయితే అయింది, ఆ పసిదానికి ఆశ పెట్టి చివరికి కాయ చేతికివ్వడం పుణ్యమా?"

స్వామి అతని ముఖం వంక చూసి, "రేపు సంతర్పణ. విస్తళ్ళు చాలవంటోంది గవరమ్మ. ఆవిడ దగ్గర నేర్చుకుని ఇరవై కుట్టి పట్రా" అన్నారు.

గవరమ్మ వంటశాల పెద్ద. అరవై దాటిన మనిషి. మోదుగాకుల కట్ట ఒక పక్క, సన్నగా చీల్చిన పుల్లలు ఒక పక్క పోసుకుని కూర్చుంటే ఆమె చేతుల్లో విస్తరి దానంతట అది పూసినట్టు ఉండేది. విశ్వపతి పీట లాక్కుని, తనకి అలవాటైనట్టు, ఆమెకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"సూడండి బాబూ. నడిమికో ఆకు. దీని అంచు కిందికి ఇంకో ఆకు. పుల్ల గుచ్చి, ఇరిచి, మళ్ళీ తిప్పాల. అంతే."

అంతే అన్నది అతనికి అంతు చిక్కలేదు. ఆమె కుడికి తిప్పుతుంటే ఎదురుగా ఉన్న అతని కంటికి అది ఎడమగా కనబడేది. అతనూ ఎడమకే తిప్పేవాడు. కిందికి పోవలసిన అంచు పైకి వచ్చేది, పుల్ల గుచ్చితే ఆకు చీలేది. మొదటిది చీలింది. రెండోది బుట్టలా ముడుచుకుంది. మూడోది కుట్టి గర్వంగా ఎత్తి చూపిస్తే మధ్యలో నుంచి గవరమ్మ ముఖం కనబడింది. పాడైనవాటిని వెనక కట్టేసిన మేక ముందుకి విసురుతూ ఆమె, "మీ సదువు మేకకి బాగా నచ్చినాది బాబూ" అంది.

"కాశీలో ఇది చెప్పరమ్మా" అన్నాడు అతను, చెమట తుడుచుకుంటూ.

"కాశీలో తినరేటి?"

తొమ్మిదోది కూడా మేకకి పోయింది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఇంత చదువు చదివి, ఆకు మీద ఆకు పెట్టలేని చేతులు నావి అనుకున్నాడు. అప్పుడు గవరమ్మ చేతిలో పుల్ల కింద పెట్టి, తన చాప మీద కొంచెం జరిగి, పక్కన చోటు చేసింది.

"లెగండి బాబూ. ఇటొచ్చి నా పక్కని కూకోండి."

"ఎందుకమ్మా, ఇక్కడ నుంచి బాగానే కనబడుతోంది."

"కనపడతాది. తిరగబడి కనపడతాది. ఎదురుగుంటే నా కుడి మీకు ఎడం. తప్పు మీ సేతిది కాదు, మీరు కూకున్న సోటుది."

అతను మొహమాటపడుతూనే వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమె కుడి చెయ్యి అతని కుడి చేతి పక్కనే కదిలింది. పదో విస్తరి వంకరగా వచ్చింది గానీ చీలలేదు. పదకొండోది గుండ్రంగా వచ్చింది. పొద్దువాలేసరికి ఇరవై కుట్టి స్వామి అరుగు మీద పెట్టి, జవాబు కోసం నిలబడ్డాడు. స్వామి ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూశారు, పక్కన పెట్టారు. మర్నాడు సంతర్పణలో ఆ విస్తరిలోనే భోజనం చేస్తూ, "పులుసు నిలిచింది" అని మాత్రం అన్నారు.

విశ్వపతికి ఒళ్ళు మండింది. నేను పిల్ల గురించి అడిగితే ఈయన పులుసు గురించి చెప్తారేమిటి అనుకుంటూనే మలిబడికి వెళ్ళాడు. అసిరితల్లి అప్పటికే వచ్చి పలక మీద ఏదో రాస్తోంది. అతను అలవాటుగా ఎదురుగా పీట వేసుకోబోయి, ఎందుకో ఆగాడు. గవరమ్మ చాప మీద జరిగిన జరుగుడు కళ్ళకి కట్టింది. పీట అక్కడే వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ పిల్ల పక్కన చతికిలబడ్డాడు.

ఇంతకు ముందెన్నడూ అలా రాని పంతులు పక్కకి వస్తే పిల్ల బెదిరి ముడుచుకుంది. అతను పలక చూశాడు. ఒక్క అక్షరమూ అక్షరంలా లేదు. ఇదేమిటి, నిన్నటిదాకా ముత్యాల్లా రాసిన పిల్ల అని లేచి, ఎదటికి వెళ్ళి చూశాడు. ముత్యాలే. మళ్ళీ పక్కకి వచ్చాడు. పిచ్చిగీతలు. తలకట్లన్నీ కాళ్ళ దగ్గర ఉన్నాయి, కొమ్ములు నేలకి దిగబడి ఉన్నాయి. మళ్ళీ ఎదటికి వెళ్ళాడు. కాశీ పండితుడు అటూ ఇటూ ప్రదక్షిణాలు చేస్తుంటే అసిరితల్లి భయం మరిచిపోయి కిసుక్కున నవ్వింది.

అతను నవ్వలేదు. వ్యాసపీఠాన్ని పట్టుకుని, ఇన్నాళ్ళూ దయతో ఆమె వైపు తిప్పిన పుస్తకాన్ని, మళ్ళీ అవతలి వైపుకి తిప్పేశాడు. ఆమెకి అది తలకిందులు.

"ఇప్పుడు చదువమ్మా."

పిల్ల ముఖం విప్పారింది. వేలు కుడి చివర పెట్టింది. ఎడమకి జరుపుకుంటూ, ఒక్కో వరుసా తన వైపు నుంచి పైకి పాకిస్తూ, చదివింది. గడగడా చదివింది. పుట అయిపోయింది. "తిప్పీమంటారా?" అని తనే తిప్పింది. తరగతిలో చురుకైన పిల్లలింకా చేరని పాఠం కూడా చదివేసింది. పనసచెట్టు కింద ఉపనిషత్తు వినేవాళ్ళు ఇదెవరి గొంతని తలలు తిప్పారు.

అమ్మలారా, మీకు అర్థమైపోయే ఉంటుంది. రోజూ పడవ ఆలస్యం. రోజూ మిగిలిన చోటు ఒక్కటే, పీఠానికి సరిగ్గా అవతల. మిగతా పిల్లలు ఒకరోజు అటూ ఒకరోజు ఇటూ కూర్చునేవారు. ఈ పిల్లకి మాత్రం మూడేళ్ళుగా అక్షరం అంటే అదే రూపం. కంటికి కనబడినట్టే పలక మీద దించితే, ఎదురుగా ఉన్న పంతులుకి చక్కగా కనబడింది. చదవమని పక్కకి పిలిచిన ప్రతిసారీ ఆమె ముందు కొత్త లిపి పెట్టినట్టయింది. తలకిందులైన పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చిన పిల్లని మనం మొద్దు అన్నాం.

"ఇలా చదవమని నీకు ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు విశ్వపతి.

"మీరే బాబూ" అంది అసిరితల్లి. "మీరు పుస్తకం ఆడ పెట్టినారు. నాను ఈడ కూకున్నాను."

అతను మెల్లగా, రథసప్తమినాడు పుస్తకాన్ని నీకు వచ్చిన వైపే పెడతాను, చదివేద్దువుగాని, పెద్దలకి నేను చెప్పుకుంటాను అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. "తిరగేసి సదివితే పిల్లలు నవ్వుతారు. అందరూ కూకున్న వైపు నుంచే సదువుతాను. నేర్పండి."

పదకొండు రోజులున్నాయి. గవరమ్మని అడిగి ముగ్గుపిండి తెచ్చి, నేల మీద పీఠం చుట్టూ సగం చక్రం గీశాడు. ఆ సగం చక్రం మీద అసిరితల్లి తన చేత్తో పన్నెండు గీతలు పెట్టింది. పీఠాన్ని రోజుకి ఒక్క గీత మాత్రం తిప్పుతారు. అంతే వైద్యం. మొదటి రెండు రోజులూ ఆమెకి తేడాయే తెలియలేదు. పుస్తకం పూర్తిగా అడ్డం తిరిగిన ఆరో రోజున మాత్రం అక్షరాలన్నీ చేపపిల్లల్లా జారిపోయాయని ఏడ్చింది. ఆ రోజు విశ్వపతి ఏడవద్దని చెప్పలేదు. పక్కనే కూర్చుని తన తలని కూడా ఆమె తల ఎంత వంగిందో అంత వంచి, ఒక్కో మాటా ఆమెతో కలిసి పట్టాడు. స్నానాలకి వెళ్ళే శిష్యులు, ఒకే వైపుకి ఒరిగిపోయిన ఆ రెండు తలలనీ చూసి, మలిబడికి మెడనొప్పి పట్టింది అని నవ్వుకున్నారు. పనసచెట్టు కింద పాఠం సాగుతూనే ఉంది. దాని మాటలు గాలిలో వస్తూనే ఉన్నాయి. విశ్వపతి చెవి మాత్రం అటు పోలేదు.

ఒక రోజు పిల్లకి జ్వరం వచ్చి పడవ ఎక్కలేదు. కనుక రథసప్తమి నాటికి ఇంకా రెండు గీతలు మిగిలిపోయాయి.

సూర్యభగవానుడికి చిక్కుడాకుల మీద పాయసం నివేదన అయింది. పెద్దలు వరసగా కూర్చున్నారు. పళ్ళెంలో ఒక్కటే కొబ్బరికాయ ఉంది. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన అసిరితల్లి తల్లి ఆడవాళ్ళ చివర నిలబడి ఆ కాయ మీద నుంచి చూపు తిప్పడం లేదు. పేరు పిలిచారు. పిల్ల వచ్చి, అందరూ కూర్చునే చోటే కూర్చుంది. కూర్చుని, ముందున్న వ్యాసపీఠాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం పక్కకి తిప్పుకుంది.

"పుస్తకం వంకరగా పెట్టుకున్నావేమే పిల్లా" అన్నారు ఒక పెద్దాయన.

"ఇంకా రెండు గీతలున్నాయి బాబూ" అంది ఆ పిల్ల.

ఆయనకి అర్థం కాలేదు. ఆమె చదవడం మొదలుపెట్టింది. పొద్దుటి బడిలో పరిగెత్తే పిల్లల్లా కాదు, ఏటి అడుగు తెలియని చోట కాలు మోపి చూసుకునేవాళ్ళలా చదివింది. నాలుగో వరుసలో ఒక మాట దగ్గర ఆగింది. తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వపతి పెదవి కదపలేదు, కదపకూడదు. కానీ పిల్లల వరసలో కూర్చున్న అతని తల, అతనికి తెలియకుండానే, రెండు గీతలంత పక్కకి ఒరిగింది. అసిరితల్లి ఓరకంట చూసింది. తనూ తల ఒంచింది. మాట పట్టింది. అక్కడి నుంచి పుట చివరి దాకా ఆగలేదు.

పళ్ళెంలో కాయని స్వామి తన చేతికి తీసుకున్నారు. తల్లి కళ్ళు మూసేసుకుంది. ఆయన దాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టి, ఒక్క దెబ్బకి పగలగొట్టి, మొదటి చెక్క అసిరితల్లి చేతిలో పెట్టారు. పదిహేనో ఏడు కూడా ఆ గుమ్మం దాటి కాయ కాయగా వెళ్ళలేదు.

జనం మళ్ళిపోయాక విశ్వపతి స్వామి అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఎదురుగా నిలబడలేదు. మెట్టు మీద, ఆయన పాదాల పక్కన కూర్చున్నాడు.

"మలిబడికి ఇంకొకరిని చూడనా? ఉపనిషత్తుకి వద్దువుగాని" అన్నారు స్వామి.

"రెండు గీతలు మిగిలాయి స్వామీ" అన్నాడు విశ్వపతి. మనసులో ఉన్నది అడిగేశాడు. "ఆ పిల్ల కథ మీకు ముందే తెలుసా?"

స్వామి నొప్పి చేసిన మోకాలు రాసుకుంటూ మలిబడి పాక వైపు చూశారు.

"నాకేం తెలుసు నాయనా. ఈ అరుగు మీద నుంచి నాకు కనబడేది ఒక్కటే. నువ్వు ఎటువైపు కూర్చున్నావో అది."